గుమ్మం దగ్గర నిలబడింది ఎవరు?

ఒక పాఠకురాలు ఇలా రాశారు: "మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. తెల్లవారుజామున మెలకువ వస్తుందట. ఫ్యాన్ తిరగడం కనిపిస్తుంది, పక్క మంచం మీద పిల్ల గురక వినిపిస్తుంది. కానీ చెయ్యి లేవదు, నోరు పెగలదు. గుమ్మం దగ్గర ఎవరో నల్లగా నిలబడి తననే చూస్తున్నారని తెలుస్తూ ఉంటుందట. ముఖం కనపడదు. ఒక్కోసారి వచ్చి గుండెల మీద కూర్చున్నట్టు కూడా అవుతుందట. గాలి సోకింది, తాయెత్తు కట్టిద్దాం అంటున్నారు మా అత్తగారు. నాకేం చెయ్యాలో తోచడం లేదు."

అమ్మా, ముందు ఒక మాట. మీ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. ఆమె చెప్పిన ప్రతి వివరమూ నిద్ర మీద పరిశోధన చేసేవాళ్ళకు బాగా తెలిసిందే. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో అలన్ చేన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి అనుభవాలు పెద్ద సంఖ్యలో సేకరించి చూస్తే అవి మూడు రకాలుగా విడిపోయాయి. గదిలో ఎవరో ఉన్నారనిపించడం, గుండెల మీద బరువు పడి ఊపిరాడకపోవడం, గాల్లో తేలిపోతున్నట్టు ఉండడం. మీ ఉత్తరంలో మొదటి రెండూ ఉన్నాయి. 35 అధ్యయనాలను కలిపి 2011లో చేసిన ఒక సమీక్ష ప్రకారం జీవితంలో ఒక్కసారైనా ఇది చవిచూసినవాళ్ళు మామూలు జనంలో నూటికి దాదాపు 8 మంది. విద్యార్థుల్లో అయితే 28 మంది. ఈ తేడా ఎందుకో చివర్లో చెబుతాను.

నిద్రలో దశలు, వాటి పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి దాటేస్తున్నాను. కావలసింది ఒక్కటే. కలలు దట్టంగా వచ్చే 'రెమ్' నిద్రలో కనుగుడ్లు అటూ ఇటూ పరిగెడుతుంటాయి, మిగతా ఒళ్ళు మాత్రం కదలదు. అలసిపోయి కదలకపోవడం కాదిది, మెదడు పనిగట్టుకుని తాళం వేస్తుంది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో మిషెల్ జువే 1960ల్లో పిల్లుల మెదడు కాండంలో ఒక చిన్న భాగాన్ని దెబ్బతీసి చూశాడు. ఆ పిల్లులు గాఢంగా నిద్రపోతూనే లేచి, లేని ఎలుక మీదికి దూకాయి. తాళం తీసేస్తే కల మొత్తం కాళ్ళలోకి దిగిపోయిందన్నమాట.

ఆ తాళం పని చేసే తీరు కొంచెం లోతుగా చూద్దాం. మెదడు కాండంలోని పాన్స్ అనే భాగం నుంచి, దాని కిందున్న మజ్జాముఖానికి, అక్కణ్ణుంచి వెన్నుపాముకి సంకేతం దిగుతుంది. వెన్నుపాములో కండరాలను నడిపే మోటార్ న్యూరాన్ల మీద గ్లైసిన్, గాబా అనే రెండు రసాయనాలు విడుదలవుతాయి. ఇవి న్యూరాన్ పొరలో క్లోరైడ్ అయాన్ల ద్వారాలను తెరుస్తాయి. క్లోరైడ్ లోపలికి వచ్చేకొద్దీ న్యూరాన్ లోపలి వోల్టేజి మరింత రుణాత్మకం అవుతుంది. ఇక పైనుంచి ఎంత బలమైన ఆజ్ఞ వచ్చినా ఆ న్యూరాన్ స్పందించదు. టొరంటోలో ప్యాట్రీషియా బ్రూక్స్, జాన్ పీవర్ 2012లో ఎలుకల మీద చూపించిందేమిటంటే, ఇందులో ఒక్క దారిని మూసేస్తే తాళం ఊడదు. గ్లైసిన్‌తో పాటు గాబాకి ఉన్న రెండు రకాల గ్రాహకాలనూ ఒకేసారి అడ్డుకోవాలి. ప్రకృతి అంత పకడ్బందీగా కట్టింది! వదిలేసినవి ముఖ్యంగా రెండే: కళ్ళను తిప్పే కండరాలు, ఊపిరి నడిపే డయాఫ్రమ్. ఈ రెండింటినీ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

తెలివి ముందే వచ్చి తాళం ఇంకా ఊడకపోతే అదే స్లీప్ పెరాలిసిస్. కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా ఉంటుంది. చాలా వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ మీ అమ్మాయి అడిగింది ఇది కాదు. చెయ్యి ఎందుకు లేవలేదో తెలిసింది, సరే. మరి గుమ్మం దగ్గర ఉన్నదెవరు?

దీనికి నాకు తెలిసిన గొప్ప సాక్ష్యం ఒక ఆసుపత్రి గదిలోంచి వచ్చింది. అక్కడ కలా లేదు, చీకటీ లేదు. జెనీవాలో 22 ఏళ్ళ యువతికి మూర్ఛ వ్యాధి. ఆపరేషన్‌కి ముందు మెదడులో ఏ చోటు ఏం పని చేస్తుందో తెలుసుకోవడానికి సన్నని ఎలక్ట్రోడ్లతో కొద్దిగా కరెంటు ఇచ్చి చూస్తారు. ఎడమ చెవికి కాస్త పైన, టెంపొరల్, పెరైటల్ భాగాలు కలిసే చోట కరెంటు ఇవ్వగానే, తన వెనక ఎవరో ఉన్నారని ఆమె చెప్పింది. అప్పుడు ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. ఆ నీడ కూడా ఆమె వీపు కింద అలాగే పడుకుని ఉంది, కదలదు, మాట్లాడదు. ఆమెను లేచి మోకాళ్ళు చేతులతో చుట్టుకుని కూర్చోమని మళ్ళీ కరెంటు ఇచ్చారు. ఇప్పుడు ఆ మనిషి కూడా కూర్చున్నాడు, తనను వెనకనుంచి చేతులతో పట్టుకున్నాడు, అది ఆమెకు నచ్చలేదు. మూడోసారి చేతికి ఒక కార్డు ఇచ్చి చదవమన్నారు. అతను కార్డు లాక్కోవాలని చూస్తున్నాడని, తనను చదవనివ్వడం లేదని చెప్పింది. షహర్ అర్జీ, ఒలాఫ్ బ్లాంకె బృందం 2006లో 'నేచర్' పత్రికలో ఒకే ఒక్క పేజీలో దీన్ని ప్రచురించింది.

ఈమె పడుకుంటే అతను పడుకున్నాడు, కూర్చుంటే కూర్చున్నాడు, చేతులు చుట్టుకుంటే చేతులు చుట్టాడు. ఆ నీడ ఎవరిదో మనకు అర్థమవుతోంది. ఆమెకు మాత్రం అర్థం కాలేదు. తన ఒంటిని తానే పరాయి మనిషిగా అనుభవించింది!

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే మన ప్రభుత్వ ఆఫీసుల్లో నడిచే పద్ధతిని తలుచుకోండి. పై ఆఫీసు నుంచి ఒక పని చెయ్యమని ఉత్తర్వు కింది ఆఫీసుకి వెళ్తుంది. దాని అడుగున 'నకలు: ట్రెజరీకి' అని ఉంటుంది. పని అయ్యాక బిల్లు వస్తుంది. ట్రెజరీలో గుమాస్తా తన దగ్గరున్న నకలు తీసి బిల్లుతో పోల్చి చూస్తాడు. సరిపోతే చప్పుడు లేకుండా పాసవుతుంది. నకలు లేని బిల్లు వస్తే ఆబ్జెక్షన్: ఈ పని ఎవరు చేశారు?

మెదడు కండరానికి పంపే ప్రతి ఆజ్ఞకూ ఇలాంటి నకలు ఒకటి తయారవుతుంది. అనుమస్తిష్కం, పెరైటల్ భాగాలు దాన్ని అందుకుని, ఈ చెయ్యి ఇలా కదిలితే ఒంటికి ఇలా తెలియాలి అని ముందే లెక్క కట్టుకుంటాయి. తర్వాత చర్మం, కీళ్ళు, చెవిలోని సమతౌల్య అవయవం పంపే సమాచారమే బిల్లు. 1950లో జర్మనీలో ఎరిక్ ఫాన్ హోల్స్ట్, హోర్స్ట్ మిట్టెల్‌స్టాట్, అదే ఏడాది విడిగా అమెరికాలో రోజర్ స్పెర్రీ దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టారు. మన 10వ తరగతి జీవశాస్త్రంలో ప్రతీకార చర్యాచాపం బొమ్మ వేయించి మార్కులు వేస్తాం. వేడి తగిలితే చెయ్యి వెనక్కి వస్తుందని పిల్లలకు బాగా వచ్చు. కానీ మనమే చెయ్యి కదిపినప్పుడు, కదిపింది మనమేనని మెదడుకు ఎలా తెలుస్తుంది అనే ప్రశ్నను వాళ్ళ ముందు పెట్టం. నా దృష్టిలో నాడీ వ్యవస్థ పాఠంలో అంతకంటే అందమైన ప్రశ్న లేదు.

చక్కిలిగింతలు తీసుకోండి. ఎవరికి వాళ్ళు పెట్టుకుంటే రావు. నకలు ముందే చేరింది, బిల్లు సరిపోయింది, పాసైపోయింది. లండన్‌లో సారా-జేన్ బ్లేక్‌మోర్, క్రిస్ ఫ్రిత్, డేనియల్ వోల్‌పర్ట్ 1990ల చివర్లో ఒక తమాషా చేశారు. మనిషి ఒక చేత్తో రోబోను కదిపితే అది అతని రెండో అరచేతిని మెత్తగా నిమురుతుంది. కదపడానికీ నిమరడానికీ మధ్య 100, 200, 300 మిల్లీసెకన్లు ఆలస్యం పెంచుతూ పోయారు. ఆలస్యం పెరిగేకొద్దీ చక్కిలిగింత పెరిగింది. చెయ్యి తనదే, ఆజ్ఞ తనదే. బిల్లు కాస్త ఆలస్యంగా రావడంతో మెదడు దాన్ని పరాయి ఖాతాలో వేసింది.

ఇదే లెక్కను బ్లాంకె బృందం 2014లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల కళ్ళకు గంతలు కట్టారు. ముందున్న రోబోను వేలితో పొడుస్తుంటే, వెనకున్న రోబో అదే వరసలో వాళ్ళ వీపు మీద పొడుస్తుంది. రెండూ ఒకేసారి జరిగినప్పుడు తమ వీపును తామే తాకుతున్నట్టు అనిపించింది. అర సెకను ఆలస్యం పెట్టారు, అంతే. కొందరికి వెనక ఎవరో నిలబడ్డారనిపించింది. ఇద్దరు భరించలేక ప్రయోగం ఆపేయమన్నారు. దయ్యాన్ని పుట్టించడానికి 500 మిల్లీసెకన్లు చాలాయి!

ఇదే పరికరం తర్వాత పార్కిన్సన్స్ రోగుల దగ్గరికి వెళ్ళింది. గదిలో ఎవరో ఉన్నారని ముందునుంచే అనిపించే రోగులు ఈ ఆలస్యానికి మిగతా రోగులకంటే సులువుగా లోనయ్యారని 2021లో తేలింది. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళు పట్టపగలు 'నా వెనక ఎవరో ఉన్నట్టుందిరా' అని పదే పదే అంటుంటే చాదస్తమని కొట్టిపారేయకండి, డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు హాస్టల్ గదికి వద్దాం. మీ అమ్మాయి లేవాలనుకుంటుంది. ఉత్తర్వు వెళ్ళింది, నకలూ చేరింది. కానీ వెన్నుపాము దగ్గర గ్లైసిన్, గాబా దారి మూసేశాయి కాబట్టి పని జరగలేదు, బిల్లు రాలేదు. కంగారులో ఉత్తర్వు మీద ఉత్తర్వు పంపుతుంది. నకళ్ళు కుప్పపడతాయి. కదలబోతున్న ఒళ్ళు ఒకటి ఉండాలని లెక్కలో ఉంది, మంచం మీద ఉన్న ఒళ్ళు మాత్రం కదలడం లేదు. అప్పుడు మెదడు ఆ రెండో ఒంటికి గదిలో ఎక్కడో ఒక చోటు చూపిస్తుంది. బలాంద్ జలాల్, వి.ఎస్. రామచంద్రన్ అనే మెదడు శాస్త్రవేత్తలు 2014లో ప్రతిపాదించింది ఇంచుమించు ఇదే: ఆ నీడ మెదడు గీసుకున్న మన శరీర చిత్రపటమే, బయటికి జరిగింది. ఎలక్ట్రోడ్, రోబో ఫలితాలు ప్రయోగంలో చూసినవి. వాటిని నిద్రకు అన్వయించడం మాత్రం ఇంకా ప్రతిపాదన. ఆ తేడా నేను దాచను.

చేన్ వాదన వేరు. భయాన్ని కాపలా కాసే అమిగ్డలా రెమ్ నిద్రలో చురుగ్గా ఉంటుంది కాబట్టి, ముందు భయం పుట్టి, ఆ భయానికి మెదడు ఒక కారణాన్ని వెతుక్కుంటుందని ఆయన అంటారు. నీడ ఎందుకు శత్రువులా అనిపిస్తుందో దీంతో తెలుస్తుంది. కానీ అది మనిషి ఆకారంలోనే ఎందుకుండాలి, అంత దగ్గర్లోనే ఎందుకు నిలబడాలి అంటే నకలు కథే మెరుగు. నాకు రెండూ కావాలనిపిస్తుంది.

గుండెల మీద బరువు సంగతి ఇంకా తేలిక. డయాఫ్రమ్ తనపాటికి తాను ఊపిరి నడుపుతూనే ఉంటుంది. భయంతో గట్టిగా పీల్చబోతే పక్కటెముకల కండరాలకు తాళం పడి ఉంది, ఛాతీ పైకి లేవదు. పీల్చమన్నా ఛాతీ లేవలేదంటే పైనుంచి ఎవరో నొక్కుతున్నారని మెదడు తేల్చుకుంటుంది. ఆక్సిజన్ మాత్రం మామూలుగానే అందుతుంది.

మెలకువలోనే ఈ నీడను కలిసినవాళ్ళూ ఉన్నారు. 1916లో షాకిల్‌టన్, వర్స్‌లీ, క్రీన్ అనే ముగ్గురు ధ్రువ సాహసయాత్రికులు దక్షిణ జార్జియా దీవి మంచుకొండలను 36 గంటలపాటు ఆగకుండా దాటారు. తమతో నాలుగో మనిషి నడుస్తున్నాడని ముగ్గురికీ అనిపించింది. 1933లో ఎవరెస్టు మీద ఒంటరిగా ఎక్కుతున్న ఫ్రాంక్ స్మైత్ తన దగ్గరున్న మిఠాయిని రెండు ముక్కలు చేసి, ఒకటి పక్కనున్న తోడుకు ఇవ్వబోయాడు. అక్కడెవరూ లేరు. అలసట, ప్రాణవాయువు కొరత, గంటల తరబడి ఒకే అడుగు. నకలూ బిల్లూ తప్పడానికి ఇవి చాలవా? ఇక్కడ నీడ చంపడానికి రాలేదు, తోడు వచ్చింది.

మీ అత్తగారి మీద నాకు కోపం లేదు. తెల్లవారుజామున రావడం, అరవబోతే గొంతు రాకపోవడం, గుండె మీద బరువు — మన పెద్దవాళ్ళు గమనించినవన్నీ నిజాలే. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక ముసలిది వచ్చి కూర్చుంటుందంటారు, కంబోడియాలో దయ్యం అదుముతుందంటారు. దిండు కింద ఇనుప ముక్క పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. భూతవైద్యుడి దగ్గరికి మాత్రం వద్దు. అక్కడ వేపమండలతో కొట్టించుకుని, 'దీనికి పట్టింది' అనే ముద్రతో తిరిగొచ్చిన ఆడపిల్లల సంగతి మనకు తెలియనిది కాదు. పైగా జలాల్ ఈజిప్టులోను, డెన్మార్క్‌లోను పోల్చి చూస్తే, దీన్ని దయ్యాలతో ముడిపెట్టే ఈజిప్టువాళ్ళకు భయమూ ఎక్కువే, కదల్లేని సమయమూ ఎక్కువే.

విద్యార్థుల లెక్క ఎందుకు పెద్దదో ఇప్పుడు చెబుతాను. 1992లో జపాన్‌లో టకేఉచి బృందం మామూలు మనుషులను నిద్రలోంచి లేపి, ఒక గంట మేలుకొని ఉండనిచ్చి, మళ్ళీ పడుకోబెట్టింది. అలా పడుకున్నప్పుడు కొందరు నేరుగా రెమ్‌లోకి జారారు, అందులో కొందరికి ల్యాబ్‌లోనే స్లీప్ పెరాలిసిస్ వచ్చింది. మన జూనియర్ కాలేజీ హాస్టళ్ళలో జరిగేది ఇదే కదా! రాత్రి పదకొండున్నరకి లైట్లు ఆపడం, నాలుగింటికి స్టడీ అవర్‌కి బెల్లు, పుస్తకం ముందు ఒక గంట కునికిపాట్లు, టెన్షన్, ఆ తర్వాత కాసేపు మంచం మీద వాలడం. ఆ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అమెరికా షిఫ్టుల్లో పనిచేసే హైదరాబాద్ ఐటీ పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి తాయెత్తు ఖర్చు మానేసి, వార్డెన్‌తో పిల్ల నిద్ర గంటల గురించి మాట్లాడండి. వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది, పక్కకు తిరిగి పడుకోమనండి. వచ్చినప్పుడు లేవాలని పెనుగులాడవద్దని చెప్పండి. తాళం పడనివి రెండున్నాయి కదా: కళ్ళను అటూ ఇటూ తిప్పమనండి, ఊపిరిని బలవంతం చెయ్యకుండా దాని మానాన వదిలెయ్యమనండి. తర్వాత ఒక కాలి బొటనవేలు కదపడానికి ప్రయత్నించవచ్చు. ఇన్ని చేసినా వారానికి నాలుగైదుసార్లు వస్తున్నా, పగలు క్లాసులో ఆపుకోలేనంత నిద్ర ముంచుకొస్తున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు వదులైపోతున్నా అది నార్కొలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు. దానికి మందులున్నాయి, న్యూరాలజిస్ట్‌కి చూపించండి.