మీ నల్ల ఓడ కథ చదివాక

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

మా వీధి పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో మీరంతా కలిసి రాసిన కథ నోటుబుక్కు రెండుసార్లు చదివాను. మొదటిసారి అరుగు మీద కూర్చుని కథ కోసం చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకున్నాను. మీ ఆకాశ ఓడ ‘మహేంద్రగిరి’ శత్రువుల నల్ల ఓడని తరుముకుంటూ పోయి పోయి, చివరికి వెలుగుని కూడా బయటికి పోనివ్వని బ్లాక్ హోల్ అంచుకి చేరింది. అక్కడ కథ ఆగిపోయింది. లోపలికి దూకాల్సిందేనని కొందరు, వెనక్కి రావాలని కొందరు గొడవపడి, ఆఖరికి తాతయ్య ఏం చెబితే అదే అని నా నెత్తిన పెట్టారు.

ముందు భాష సంగతి. అంతరిక్షయానానికి మీరు అంతటా ‘మహాకాశయానం’ అని రాశారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అయినప్పుడు అలాంటివి వస్తాయి. ఆ మాట బాగుంది, దిద్దలేదు. మాట్లాడే తెలుగులోనే రాయండర్రా అని పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మన ఊళ్ళోనే కదా. ఇక్కడ కూర్చుని మీ మాటల మీద ఎర్రగీతలు పెడితే ఆయన ఊరుకోరు.

నేను సైంటిస్టుని కాను. నౌపడా నుంచి గుణుపురం దాకా తిరిగిన చిన్న రైలులో గార్డుగా చేసినవాణ్ణి. ఆ చిన్న లైను 2004లో మూతపడింది, దాని చోట పెద్ద లైను వచ్చింది. బండిని నడిపించే డ్రైవర్ని అందరూ చూస్తారు. ఆఖరి పెట్టెలో బ్రేకు పట్టుకుని కూర్చున్నవాడి బుర్రలో మాత్రం ‘ఇది ఎక్కడ ఆగుతుంది?’ అన్న ఒక్క లెక్కే తిరుగుతుంటుంది. మీ కథ కూడా ఆ గార్డు బుద్ధితోనే చదివాను.

నాలుగో పేజీలో ‘ఇంజను ఆగిపోగానే ఓడ టక్కున ఆగింది’ అన్నారు. రైలైతే కొంత దూరం దొర్లి ఆగుతుంది, ఎందుకంటే పట్టా రాపిడి ఉంది, ఎదురుగాలి ఉంది. పైన ఆ రెండూ లేవు. ఇంజను ఆపేస్తే ఓడ అదే వేగంతో అలా పోతూనే ఉంటుంది. ఆపాలంటే ఓడని వెనక్కి తిప్పి, మంట ముందుకు కొట్టేలా మళ్ళీ ఇంజను మండించాలి. ఎంత వేగం ఎక్కించారో అంతా దించాలి. ఓ లెక్క చూడండి. లోపలివాళ్ళకి భూమ్మీద ఉన్నంత బరువే అనిపించేలా, అంటే సెకను సెకనుకీ 9.8 మీటర్ల చొప్పున వేగం పెంచుతూ ఒక రోజంతా వెళ్ళారనుకోండి. మర్నాడు ఆ వేళకి, అంటే 24 గంటలయ్యేసరికి, వేగం సెకనుకి దాదాపు 847 కిలోమీటర్లు. చంద్రుడి దాకా ఏడున్నర నిమిషాల ప్రయాణం! అప్పటికి 3 కోట్ల 66 లక్షల కిలోమీటర్లు దాటిపోయి ఉంటారు. ఇప్పుడు ‘ఆపండి’ అంటే ఆపడానికి ఇంకో రోజు, ఇంకో 3 కోట్ల 66 లక్షల కిలోమీటర్లు కావాలి. మీ కెప్టెన్ కుర్చీలోంచి లేచి ‘ఆపండి!’ అని అరిచిన ఆ సీను నాకూ నచ్చింది గానీ, అరిచాక ఒక రోజు ఆగాలి.

రెండో పేజీలో తరమడం మొదలైంది భూమి చుట్టూ తిరిగే కక్ష్యలోనే కదా. అక్కడ ఇంకో తిరకాసుంది. ముందున్నవాణ్ణి పట్టుకోవాలని వేగం పెంచితే వెనకబడిపోతాం! నమ్మబుద్ధి కాదు, నాకూ కాలేదు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళని ఊహించుకోండి. గోడవారగా నడిచేవాడికి దూరం తక్కువ. ఆకాశంలో అయితే దూరం తక్కువ కావడమే కాదు, భూమికి దగ్గరగా ఉన్న దారిలో తిరిగేది వేగంగా కూడా తిరుగుతుంది. ముందుకి తోసుకుంటే ఓడ పై దారికి ఎక్కుతుంది, అక్కడ నెమ్మదిస్తుంది. కాబట్టి పట్టుకోవాలంటే ముందు కాస్త బ్రేకు వేసి కిందికి దిగాలి, అక్కడ ముందుకి సాగాలి, తర్వాత పైకి లేచి కలవాలి.

ఇది పెద్దవాళ్ళకే అనుభవమైంది. 1965 జూన్ 3న అమెరికా వాళ్ళ ఓడ జెమిని 4 పైకి వెళ్ళింది. తమను పైకి చేర్చిన రాకెట్టు ఖాళీ ముక్క పక్కనే తిరుగుతుంటే, ఓడ కెప్టెన్ జేమ్స్ మెక్‌డివిట్ దాని దగ్గరికి వెళ్ళాలని చూశాడు. దానివైపు తోసుకున్నకొద్దీ అది దూరమైంది. ఇంధనం సగానికి దగ్గరగా ఖర్చయ్యేసరికి ఇక చాలని వదిలేశారు. ఆ ‘సగం’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను. అదే ఏడాది డిసెంబరు 15న జెమిని 6, జెమిని 7 అనే రెండు ఓడలు ఒకదానికొకటి అడుగు దూరం దాకా వచ్చాయి. ఆర్నెల్లలో తరమడం నేర్చుకున్నారన్నమాట.

మన ఇస్రో కూడా ఈ ఆట ఆడింది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి ఒక్కోటి 220 కిలోల చొప్పున రెండు ఉపగ్రహాలు పంపింది. ఒకదాని పేరు ఛేజర్, రెండోదాని పేరు టార్గెట్. అంటే ఒకటి తరిమేది, ఒకటి తరమబడేది. జనవరి 12న రెండింటినీ 15 మీటర్లకు, తర్వాత 3 మీటర్లకు తెచ్చారు. మూడు మీటర్లంటే మా అరుగుకీ వీధి కుళాయికీ ఉన్నంత. అంత దగ్గరికొచ్చాక కూడా అతికించకుండా వెనక్కి జరిపేశారు. ఆ వార్త చూసి నేను ఉసూరుమన్నాను. నాలుగు రోజుల తర్వాత, జనవరి 16న కలిపారు.

ఏడో పేజీలో గ్రహశకలాల మధ్య బండరాళ్ళు తప్పించుకుంటూ వెళ్ళడం చాలా బాగా రాశారు, కానీ అది అబద్ధం. అక్కడ రాళ్ళ మధ్య దూరం లక్షల కిలోమీటర్లు. పయొనీర్ 10 అనే నౌక 1972–73లో మొట్టమొదట ఆ రాళ్ళ మధ్యలోంచి వెళ్ళి చెక్కు చెదరకుండా బయటికొచ్చింది. భయపడాల్సింది పెద్ద రాళ్ళకి కాదర్రా, ఇసుక రేణువుకి. 1983లో అమెరికా స్పేస్ షటిల్ కిటికీ అద్దానికి చిన్న గుంట పడింది. కొట్టింది ఏమిటని చూస్తే పెయింటు పెచ్చు! మీ ఓడ సెకనుకి 847 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురొచ్చిన ఒక్క గ్రాము గులకరాయి 85 కిలోల బాంబంత దెబ్బ కొడుతుంది. బండరాళ్ళ సీను ఉంచుకోవాలంటే ఉంచుకోండి, కథ మీది. నేనైతే రాళ్ళు తీసేసి, చీకట్లో ఒక్క ‘టప్’ అన్న చప్పుడు పెడతాను.

ఇప్పుడు ఎలుగుబంటి సంగతి చెప్పాలి. మీ అమ్మానాన్నలకి ఇది చెప్పలేదు, మీరూ చెప్పకండి.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మా మేనమామ ఊళ్ళో పనస చెట్టు కిందికి ఎలుగు వచ్చింది. పనసలు, జీడిమామిళ్ళు పండే కాలంలో అవి కొండ దిగుతాయి. ఆరుగురు కుర్రాళ్ళం కర్రలు, ఒక డప్పు, రెండు కాగడాలు పట్టుకుని తరిమాం. అది పరుగెడుతుంటే మాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. పొలం గట్టు దాకా చాలు, కానీ జీడితోటలోకి కూడా వెళ్ళాం. జీడి కొమ్మలు నేలకి ఆనుకుని ఉంటాయి, వంగి వంగి పోవాలి. ఒక కాగడా ఆరిపోయింది. ఎదురుగా పది బారల దూరంలో నల్లగా, కదలకుండా అది నిలబడి ఉంది. ‘ఆగిపోయిందిరా, అలిసిపోయింది’ అన్నాడు ఒకడు. రాయి విసిరితే ‘ఠక్’మని కర్ర చప్పుడు వచ్చింది. అది కాలిపోయిన మోడు. అప్పుడు వినబడింది వెనక నుంచి, బుస్సు బుస్సుమంటూ ఊపిరి. మేం వచ్చిన దారికి అడ్డంగా ఎలుగు ఉంది. వీపు మీద రెండు పిల్లలు వెంట్రుకలు పట్టుకుని వేలాడుతున్నాయి. మమ్మల్ని చూసి పారిపోయిందనుకున్నాం గానీ, అది పిల్లల కోసం వెళ్ళింది. ఎంతసేపు నిలబడ్డామో తెలీదు. అదే పక్కకి తప్పుకుంది. నా ఒక చెప్పు ఇప్పటికీ ఆ తోటలోనే ఉండాలి.

ఇదంతా ఎందుకంటే, మీ పదిహేనో పేజీలో సరిగ్గా ఆ మోడే ఉంది. చాలా దూరంలో ఉన్నదాన్ని చూస్తున్నామంటే దాని పాత బొమ్మని చూస్తున్నట్టే. ఆవిరి ఇంజన్ల రోజుల్లో దూరాన బండి కూత వేస్తే ముందు తెల్లటి ఆవిరి కనబడేది, కిలోమీటరుకి మూడు సెకన్ల లెక్కన ఆలస్యంగా కూత వినబడేది. వెలుగు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అయినా సూర్యుడి నుంచి మన దాకా రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. నల్ల ఓడ అంత దూరంలో ఉంటే, మీ తెర మీద కనిపించేది ఎనిమిది నిమిషాల కిందటి ఓడ.

బ్లాక్ హోల్ దగ్గర ఇది ఇంకా విడ్డూరంగా మారుతుంది. దాని అంచుకి చేరుతున్న ఓడని దూరం నుంచి చూస్తే అది నెమ్మదిస్తున్నట్టు, అంచు మీద నిలిచిపోతున్నట్టు కనబడుతుంది. దాని వెలుగు ఎర్రబడుతూ, మసకబారుతూ పోతుంది. దాటడం మాత్రం ఎప్పటికీ కనబడదు. ఓడలో ఉన్నవాళ్ళకి మాత్రం అలాంటి ఆగడమేమీ ఉండదు, వాళ్ళ దారిన వాళ్ళు దాటేసి ఉంటారు. ‘నల్ల ఓడ అంచున ఆగిపోయింది, ఇదే అదను!’ అని మీ కెప్టెన్ అన్నాడే, ఆ మాట కింద రెండు గీతలు గీశాను. తప్పని కాదు. మీరు తెలియక రాసినా కథలో అంతకంటే భయంకరమైన వాక్యం లేదు.

ఒకటి మాత్రం దిద్దాను. బ్లాక్ హోల్ వాక్యూమ్ క్లీనర్‌లా అన్నిటినీ పీల్చేయదు. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న బ్లాక్ హోల్ పెడితే దాని అంచు మూడు కిలోమీటర్ల వ్యాసార్ధంలోనే ఉంటుంది, మన భూమి ఎప్పటిలాగే చుట్టూ తిరుగుతుంది. చలికి చచ్చిపోతాం, అది వేరే సంగతి.

ఇక తీర్పు. తొమ్మిదో పేజీ తీయండి. ‘ఇంధనం ముల్లు సగానికి పడింది. అయినా మా కెప్టెన్ వెనక్కి తగ్గలేదు.’ ఇదీ మీరు రాసింది. సంతకి వెళ్ళేవాడు రానూపోనూ చార్జీలు చూసుకుంటాడు. ఆకాశంలో ఆగడానికి కూడా చార్జీ ఉంది. వేగం పుంజుకోవాలి, ఆగాలి, ఇంటివైపు మళ్ళీ వేగం పుంజుకోవాలి, ఇంటి దగ్గర ఆగాలి. వెళ్ళిన వేగంతోనే తిరిగి రావాలంటే ఇవి నాలుగు సమాన వాటాలు. ఇంధనం మాత్రం సమానంగా ఖర్చవదు. మొదట్లో ట్యాంకు నిండుగా ఉండి ఓడ బరువుగా ఉంటుంది, కాబట్టి మొదటి వాటా ఎక్కువ తింటుంది. ఇంధనం నిండిన ఓడ, ఖాళీ ఓడకి పది రెట్లు బరువుందనుకుని కాగితం మీద లెక్క వేశాను. మొదటి వాటా పూర్తయ్యేసరికి ముల్లు ఎక్కడుందో తెలుసా? దాదాపు సరిగ్గా సగంలో!

అంటే ఆ సగం దగ్గర ఇంజను కట్టేస్తే ఇల్లు చేరతారు. దాని తర్వాత కూడా వేగం పెంచితే, ఆగాక ఇంటికి అంత వేగంతో రాలేరు; అలా పెంచుతూనే పోతే, ఆగగలరేమో గానీ ఇంటికి అసలే రాలేరు. మీరు పదిహేనో పేజీ దగ్గర కొట్టుకుంటున్నారు. తొమ్మిదో పేజీలోనే అంతా అయిపోయింది. దూకుదామన్నవాళ్ళకీ వెనక్కి వద్దామన్నవాళ్ళకీ ట్యాంకులో ఉన్నది ఒక్కటే. అందుకని ముగింపు నేను చెప్పను. తొమ్మిదో పేజీ మళ్ళీ రాయండి. ముల్లు సగానికి పడ్డప్పుడు ఆ గదిలో ఎవరెవరున్నారు, ముల్లుని ముందు ఎవరు చూశారు, చూసి కూడా ఎవరు నోరు మెదపలేదు, అవన్నీ కావాలి. ఓడ వెనక పెట్టెలో ఒక గార్డు ఉంటే ఇంకా మంచిది.

ఇంకోటి మర్చిపోయాను. పన్నెండో పేజీలో నల్ల ఓడ దగ్గర పేలుడు జరిగినప్పుడు రాసిన ‘ఢాం’ కొట్టేశాను, గాలి లేనిచోట ఆ చప్పుడు మనదాకా రాదు. పద్నాలుగో పేజీలోది ఉంచాను. అది మన ఓడ ఫిరంగి, గోడల గుండా లోపలికి వినబడుతుంది. అక్కడ కావాలంటే ఇంకో ‘ఢాం’ కలుపుకోండి.

మీ
తాతయ్య