పద్నాలుగు, నలభై మూడు ఎలా అయింది?

2024 మే నెల. పోలింగ్‌కి ఇంకో మూడు రోజులుంది. నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర టీ అంగట్లో ఒకతను ఫోన్ నా ముందు పెట్టాడు. "చూడన్నా, దేశంలో ముస్లింలు 43 శాతం అయిపోయినారంట." పక్కన టీ తాగుతున్న ముస్లిం పెద్దాయన గ్లాసు కింద పెట్టి మా ఇద్దరి మొహాలూ చూశాడు.

ఆ 43 ఎక్కడిదంటే, ప్రధాని ఆర్థిక సలహా మండలి ఆ వారం బయటికొచ్చిన తన పత్రంలో ఇచ్చిన అంకె. 1950 నుంచి 2015 దాకా 167 దేశాల్లో మతాల వాటా ఎలా మారిందో అందులో ఉంది. మన జనాభాలో ముస్లింల వాటా 9.84 శాతం నుంచి 14.09కి వచ్చింది. వందలో పదిమందికి కాస్త తక్కువగా ఉన్నవాళ్లు 65 ఏళ్లలో పద్నాలుగు మంది అయ్యారు, అంతే. పెరిగిన 4.25ని పాత 9.84తో భాగిస్తే 43 వస్తుంది. లెక్క సరైనదే. వార్తల శీర్షికల్లో మాత్రం 43 ఒక్కటే మిగిలింది. మన దేశంలో మైనారిటీలు భద్రంగా ఉన్నారని పత్రం రాసినవాళ్లే చెప్పిన మాట ఎవరికీ కనపడలేదు. బజ్జీల కాగితం మీద భాగహారం వేసి చూపిస్తే అతను ఒప్పుకున్నాడు. అప్పటికే మూడు గ్రూపులకి పంపేసి ఉన్నాడు.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1909లోనే కలకత్తాలో యు.ఎన్. ముఖర్జీ జనాభా లెక్కలు చూపించి, హిందువులు అంతరించిపోతున్నారని పత్రికలో వరుసగా రాశారు.

2004 సెప్టెంబరులో జరిగింది ఇంకా ఘోరం. 2001 జనగణనలో మతాలవారీ లెక్కలు బయటికి రాగానే, ముస్లింల పదేళ్ల వృద్ధి రేటు 36 శాతానికి పెరిగిందని పత్రికలు రాశాయి. 1991లో జమ్మూకాశ్మీర్‌లో జనగణన జరగనే లేదు. 2001లో అక్కడివాళ్లందరినీ లెక్కపెట్టారు. పదేళ్ల కిందటి లెక్కలో లేని మనుషులు కొత్తగా పుట్టినట్టు కూడికలోకి వచ్చారు. సరిచేస్తే రేటు 29 శాతం దగ్గర తేలింది, అంతకు ముందు పదేళ్లకంటే తక్కువే. సవరణ రోజుల్లోనే వచ్చింది. కానీ జనం నోళ్లలో నిలిచింది 36.

నీతి, కుటుంబం గురించిన సర్వేలకీ ఇదే గతి. భార్య ఎప్పుడూ భర్త మాట వినాలని 87 శాతం భారతీయులు అంటున్నారని 2022 మార్చిలో వార్త. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ సంస్థ దాదాపు 30 వేల మందిని అడిగిన సర్వే అది. పూర్తిగా ఒప్పుకున్నవాళ్లు 64 శాతం, చాలావరకు ఒప్పుకున్నవాళ్లు 23. రెండూ కలిపితే 87. ఆడా మగా సమానంగా మంచి నాయకులు కాగలరన్నవాళ్లు అదే సర్వేలో 55 శాతం. పైగా అడిగింది 2019 నవంబరు, 2020 మార్చి మధ్య. ఇంకొక సంగతి నన్ను వదలదు. "మాట వినాలి", "చెప్పుచేతల్లో ఉండాలి" అనే రెండూ ఇంగ్లీషులో "ఒబే" (obey) అనే ఒకే మాట కిందికి పోగలవు. మా ఇళ్లల్లో రెండూ ఒకటి కాదు. మా అమ్మ మా నాన్నతో రోజూ "నా మాట వినండి" అనేది.

మతాలవారీ ఆఖరి జనగణన ఇప్పటికీ 2011దే, వివరాలు 2015 ఆగస్టులో వచ్చాయి. అందులో ముస్లింల పదేళ్ల వృద్ధి 29.5 శాతం నుంచి 24.6కి, హిందువులది 19.9 నుంచి 16.8కి తగ్గాయి. తర్వాతి లెక్కకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు.