పౌడరు డబ్బా పూలు

శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు అడిగారు: “ఇక్కడ రోడ్డు పక్కన ఒకే ఒక్క పొద దొరికితే క్రేన్‌తో ఎత్తి వేరే చోట పెట్టారట. మందార కొమ్మ గుచ్చినట్టు దాని కొమ్మలు నాలుగు గుచ్చుకుంటే సరిపోయేది కదండీ, అంత హడావిడి ఎందుకు?” దీనికి జవాబు చెప్పాలంటే మన తంగేడు పువ్వు దాకా రావాలి. కాస్త ఓపిక పట్టండి.

ఆ పొద పేరు ఫ్రాన్సిస్కన్ మాంజనీటా. ఎర్రటి నున్నని బెరడు, నేలబారుగా పాకే కొమ్మలు. పసిఫిక్ తీరపు మంచులో తడిసే శాన్ ఫ్రాన్సిస్కో రాతిగుట్టలు తప్ప దానికి ఈ భూమ్మీద ఇంకో సొంత ఊరు లేదు. అది ఇష్టపడే సర్పెంటైన్ రాతి మట్టిలో మెగ్నీషియం ఎక్కువ, కాల్షియం తక్కువ, పైగా నికెల్. చాలా మొక్కలు అక్కడ బతకలేవు. 1905లో ఆలిస్ ఈస్ట్‌వుడ్ అనే వృక్షశాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఊరు పెరిగే కొద్దీ గుట్టలన్నీ ఇళ్లయిపోయాయి. శ్మశానాల్లో మాత్రం కొన్నాళ్లు మిగిలింది. సమాధుల మధ్య ఇళ్లు కట్టరు కదా! చివరికి 1947 నాటికి లారెల్ హిల్ శ్మశానాన్నీ చదును చేశారు. అంతకుముందే జేమ్స్ రూఫ్ లాంటి వృక్షశాస్త్రవేత్తలు కొన్ని మొక్కలు తవ్వి తోటల్లో బతికించారు. ఆరు దశాబ్దాల పాటు సహజ స్థలంలో ఒక్కటీ లేదనే అందరూ నమ్మారు. 2009 అక్టోబరులో గోల్డెన్ గేట్ వంతెన దారిని మళ్లీ కట్టడానికి చెట్లు కొట్టేస్తుంటే, కారులో వెళ్తున్న డేనియల్ గ్లూసెన్‌క్యాంప్ అనే జీవావరణ శాస్త్రవేత్త కళ్లు రోడ్ల మధ్య మిగిలిన ఒక పొద మీద పడ్డాయి. అదే! 2010 జనవరిలో వేళ్ల చుట్టూ ఉన్న మట్టితో సహా, దాదాపు 10 టన్నుల ముద్దను ఎత్తి, ప్రెసిడియో అనే పార్కులోనే ఒక భద్రమైన చోటికి తరలించారు.

ఇక పువ్వు సంగతి. నాకు అసలు ఇష్టమైనది ఇదే.

బళ్లో మనందరం మందార పువ్వు కోసి చూశాం. పుప్పొడి తిత్తి నిలువునా పగులుతుంది, ఏ పురుగు తాకినా పొడి అంటుకుంటుంది. పిల్లలకు ఇదొక్కటే చూపించి వదిలేస్తాం, అదే నా బాధ. మాంజనీటా పువ్వు తలకిందులుగా వేలాడే బుల్లి కుండ. ఇరుకు మూతి. లోపల పది కేసరాలు. వాటి తిత్తులు నిలువునా పగలవు, ఒక్కో తిత్తికి రెండేసి రంధ్రాలు ఉంటాయి. పౌడరు డబ్బా అనుకోండి. డబ్బా మీద చెయ్యి రాస్తే పౌడరు వస్తుందా? బోర్లించి ఊరికే పట్టుకున్నా అంతంత మాత్రమే. ఊపాలి.

ఊపేది బంబుల్ బీ, తేనెటీగకు చుట్టమైన, నూగుతో బొద్దుగా ఉండే ఈగ. పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని రెక్కలు ముడుచుకుంటుంది. ఎగరడానికి వాడే ఛాతీ కండరాలు మాత్రం ఆగవు. రెక్కల బరువు లేదు కాబట్టి అవి ఎగిరేటప్పటి కన్నా వేగంగా అదురుతాయి. సెకనుకు 300 సార్లకు పైగా అదరడం మామూలే. అందుకే మోత ఒక్కసారిగా పై స్థాయికి లేస్తుంది. ఆ అదురు కాళ్లలోంచి పువ్వుకు, పువ్వులోంచి తిత్తికి పాకుతుంది. లోపలి పొడి గింజలు గోడలకు కొట్టుకుని, ఒకదాన్నొకటి తోసుకుని, రంధ్రాల్లోంచి చిమ్ముకొస్తాయి. మాంజనీటా తిత్తికి రెండు సన్నని కొమ్ములు కూడా ఉంటాయి. ఈగ వాటిని తగిలితే చాలు, డబ్బా కదులుతుంది. ఎగిరి వచ్చిన ఈగ ఒంటి మీద సాధారణంగా ధనావేశం ఉంటుంది కాబట్టి చిమ్మిన పొడి దాని నూగుకు ఎగిరి అతుక్కుంటుంది. తేనెటీగకూ అవే కండరాలున్నాయి, కానీ ఈ విద్య రాదు. మాంజనీటా పువ్వులో తేనె ఉంది గనుక అదీ వస్తుంది, హమ్మింగ్ బర్డ్ కూడా వస్తుంది. అయినా డబ్బాను గట్టిగా ఊపేది బంబుల్ బీనే.

మన తంగేడుదీ ఇదే పద్ధతి. బతుకమ్మకు కోసే ఆ పచ్చని పువ్వులో తేనె లేదు. ఉన్నది పుప్పొడే, అదీ డబ్బాల్లో. ఊపేది దూలాలకు బెజ్జాలు పెట్టే నల్ల తుమ్మెద. టమాటా, వంగ పూలూ ఇంతే. పెరట్లో తేనెటీగలు తిరుగుతున్నా టమాటా కాయ సరిగ్గా పట్టలేదంటే ఊపేవాళ్లు లేరేమో చూడండి. బ్యాటరీతో తిరిగే టూత్‌బ్రష్‌ను పువ్వు కాడకు ఆనిస్తే పొడి రాలడం మీరే చూడొచ్చు.

ఇప్పుడు ఆ పాఠకురాలి ప్రశ్నకు వద్దాం. కొమ్మలు గుచ్చవచ్చు, గుచ్చారు కూడా. కానీ వెయ్యి కొమ్మలు నాటినా జన్యుపరంగా అది ఒక్క మొక్కే. బంబుల్ బీ ఎంత ఊపినా ఒకే మొక్క పొడిని ఆ మొక్కకే తిరిగి ఇస్తుంది. కొత్త తెగులు వస్తే అన్నీ ఒకేలా పడిపోతాయి. పోనీ, తోటల్లో బతికిన పాత మొక్కల గింజలు తెచ్చుకుందామా? అక్కడ పక్కనే వేరే మాంజనీటా జాతులున్నాయి. ఈగకు జాతి పట్టింపు లేదు, ఏ డబ్బా పొడి ఏ పువ్వుకైనా పూసేస్తుంది. ఆ గింజ సంకరం కావచ్చు. అసలు మొక్క దానిలోంచి మళ్లీ రాదు.

అందుకే దొరికిన పొదను వేళ్లతో సహా కాపాడాలి. దాని కొమ్మలనూ, శ్మశానాల నుంచి తోటలకు చేరిన పాత మొక్కల కొమ్మలనూ వేరే మాంజనీటాలకు దూరంగా, సర్పెంటైన్ మట్టిలో పక్కపక్కన నాటాలి. ఆ పొద పూసేది చలికాలం చివర్లో. అప్పుడు ఒక బంబుల్ బీ ఈ పొదలో ఊపుకున్న పొడితో ఆ పొద మీద వాలాలి.