జబ్బు చేస్తే జీతం పోయినట్టేనా? ఈఎస్‌ఐ మీద అపోహలు - వాస్తవాలు

బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న యూనిట్లకు పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకం) లెక్కలు చూడటం నా పని. చలానాల హడావుడి అయిపోగానే ఫోన్లు మొదలవుతాయి. "సార్, టైఫాయిడ్‌తో మూడు వారాలు పడుకున్నా, జీతం మొత్తం కోసేశారు. ఏమన్నా వస్తదా?" ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లారా అని అడుగుతాను. "లేదు సార్, మా గల్లీలో డాక్టరుకే చూపించుకున్నా." ఈ మాట వినగానే నాకు నీరసం వస్తుంది. రావాల్సిన డబ్బు చాలావరకు అక్కడే పోయింది.

అపోహ: ఈఎస్‌ఐ అంటే ఉచిత మందులు, సనత్‌నగర్ ఆస్పత్రి, పొడుగాటి క్యూ. అంతే.

వాస్తవం: అది సగమే. జబ్బుతో పనికి రాలేని రోజులకు ఈఎస్‌ఐ నగదు కూడా ఇస్తుంది. దాని పేరు సిక్‌నెస్ బెనిఫిట్. మీ సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల దాకా. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం ప్రతి నెలా కట్టేది దీనికి కూడా. 15 వేల జీతానికి మీ వాటా 113 రూపాయలు. పే స్లిప్పులో ఆ కోత చూసి విసుక్కునేవాళ్లే గానీ, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ.

లెక్క చూడండి. సగటు రోజు వేతనం 500 అనుకుందాం. 21 రోజులు మంచం పట్టారు. మొదటి రెండు రోజులకు ఇవ్వరు (అంతకుముందు జబ్బు ముగిసిన 15 రోజుల్లోపే మళ్లీ పడితే ఈ కోత ఉండదు). మిగిలిన 19 రోజులకు రోజుకు 350 చొప్పున 6,650 రూపాయలు నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడాలి. ఇంటి అద్దె వెళ్లిపోయే డబ్బు అది. దాన్ని వదిలేసి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకునేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

మరి ఎందుకు రాదు? సర్టిఫికెట్ లేక. జబ్బు పడ్డ వెంటనే మీ ఐపీ నంబర్ (ఈఎస్‌ఐలో మీ బీమా నంబర్) ఏ డిస్పెన్సరీకి ఉందో అక్కడికి వెళ్లి ఈఎస్‌ఐ డాక్టరు చేత మొదటి సర్టిఫికెట్ రాయించుకోవాలి. సెలవు సాగితే మధ్యలో మళ్లీ వెళ్లాలి. ప్రైవేటు డాక్టరు చీటీ పట్టుకుని ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసుకు వెళితే దాన్ని నేరుగా ఒప్పుకోరు. ప్రత్యేకంగా పరిశీలించి ఒప్పుకునే దారి ఉంది గానీ, దానికి తిరిగే ఓపిక జ్వరం నుంచి లేచిన మనిషికి ఉండదు. మందులు ఎక్కడివైనా వాడుకోండి, మీ ఇష్టం. సర్టిఫికెట్ మాత్రం అక్కడిదే ఉండాలి.

"మా ఫ్యాక్టరీలో ఒకాయన అడిగితే ఇవ్వలేదు సార్, అంతా బోగస్" అనేవాళ్లు యూనిట్‌కు ఒకరైనా ఉంటారు. ఆ ఒకాయన కథ ఆరా తీస్తే నూటికి తొంభై పాళ్లు ఇలా ఉంటుంది: జూన్‌లో చేరాడు, సెప్టెంబరులో డెంగీ వచ్చింది, క్లెయిమ్ పెట్టాడు, తిరస్కరించారు. వైద్యం చేరిన రోజు నుంచే ఉంటుంది. నగదు కొత్తవాళ్లకు సుమారు తొమ్మిది నెలల తర్వాతే. ఏప్రిల్-సెప్టెంబరు మధ్య కట్టిన చందాకు జనవరి-జూన్‌లో హక్కు వస్తుంది, అక్టోబరు-మార్చి మధ్య కట్టినదానికి జూలై-డిసెంబరులో. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఇది ఎవరూ చెప్పరు. ఆయన క్యాంటీన్‌లో "ఇవ్వరు" అన్నాడు, ఆ మాట మాత్రం పదేళ్లు బతుకుతుంది.

ఈ తెలియకపోవడం అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది పెద్ద జబ్బు వచ్చినప్పుడు. ఒక లేత్ ఆపరేటర్ భార్య మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో మెడికల్ షాపు ప్లాస్టిక్ కవరు. అందులో నలిగిన పే స్లిప్పులు, ప్రైవేటు ల్యాబ్ ఎక్స్‌రే, సగం వాడిన మాత్రల అట్టలు. భర్తకు టీబీ. "రాసిచ్చి పొమ్మన్నరు సార్, అందరికీ అంటుకుంటదంట" అంది. రాజీనామా కాగితం అప్పటికే రాయించి సూపర్‌వైజర్ సొరుగులో పెట్టుకున్నాడు, కింద తేదీ మాత్రం వేయించలేదు. ఆ మనిషి ఆ యూనిట్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు.

ఈఎస్‌ఐలో 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఉంది. అందులో టీబీ ఉంది, క్యాన్సర్ ఉంది. రెండేళ్లు పని, దానికి తగ్గ చందా ఉంటే, ఆ 91 రోజులు అయిపోయాక కూడా 80 శాతం చొప్పున ఇస్తారు. జబ్బును బట్టి మొత్తం రెండేళ్ల దాకా సాగుతుంది. పైగా సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో మనిషిని పని నుంచి తీసేయకూడదని 1948 నాటి ఈఎస్‌ఐ చట్టంలోనే రాశారు. నేను యజమానికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, ఆ జీతం తన జేబులోంచి పోతుందని భయపడ్డాడంతే. పోదని తెలిశాక కాగితం చింపేశాడు. అంతకుముందు నెలన్నరకు సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆ డబ్బు పోయింది. ఆ తర్వాతది వచ్చింది. చికిత్స పూర్తయ్యాక అతను మళ్లీ అదే మెషీన్ దగ్గర నిలబడ్డాడు.

కాబట్టి జబ్బు పేరు వినగానే రాజీనామా రాసివ్వకండి. మీరు భయంలో ఉంటారు, నాకు తెలుసు. ఉద్యోగం వదిలితే చందా ఆగుతుంది, కొన్నాళ్లకు హక్కూ ఆగుతుంది.

అపోహ: జీతంతో సెలవిస్తే అందరూ దొంగ జ్వరాలు తెచ్చుకుంటారు.

యజమానుల మాట ఇది. ఒకరిద్దరు తెచ్చుకుంటారు, కాదనను. 2023 వర్షాకాలంలో కండ్లకలక ఊళ్లన్నీ చుట్టేసినప్పుడు నేను చూసే ఒక ప్యాకింగ్ యూనిట్‌లో ఏం జరిగిందో చెబుతాను. అక్కడ నెలలో ఒక్క రోజు రాకపోయినా అటెండెన్స్ బోనస్ మొత్తం పోతుంది. ఒక అమ్మాయి ఎర్రటి కళ్లతో, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చింది. వారం తిరిగేసరికి ఆ లైన్‌లో సగం మంది లేరు, ఆర్డరు ఆలస్యమైంది. ఆ యజమానికి బోనస్ మిగిలింది, ఆర్డరిచ్చే పార్టీ పోయింది. జబ్బు రోజులను బోనస్ లెక్కలోంచి తీసేయండని అప్పటి నుంచి నా క్లయింట్లందరికీ చెబుతున్నాను. ఇద్దరు విన్నారు.

షాపుల్లో, ఆఫీసుల్లో చేసేవాళ్లు "మాకు సిక్ లీవ్ కంపెనీ దయ" అనుకుంటారు. కాదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం జబ్బుకు జీతంతో 12 రోజులు, క్యాజువల్ లీవ్ మరో 12 రోజులు. ఫారిన్‌లో అయితేనా అని నిట్టూర్చేవాళ్లకు ఒక మాట: అమెరికాలో ప్రైవేటు ఉద్యోగులందరికీ జీతంతో సిక్ లీవ్ ఇచ్చే ఫెడరల్ చట్టం ఇప్పటికీ లేదు. 1993లో వచ్చిన చట్టం 12 వారాల సెలవిస్తుంది, జీతం లేకుండా.

అపోహ: పెళ్లైన అమ్మాయిని తీసుకుంటే ఆరు నెలల జీతం ఊరికే ఇవ్వాలి.

ఈఎస్‌ఐలో ఉన్న ఉద్యోగినికి ప్రసూతి సెలవు 26 వారాలూ పూర్తి వేతనం ఇచ్చేది ఈఎస్‌ఐ, యజమాని కాదు. ఇది తెలియక ఇంటర్వ్యూలోనే వెనక్కి పంపినవాళ్లను చూసి ఒళ్లు మండింది. ఈఎస్‌ఐ పరిధి, అంటే నెలకు 21 వేలు, దాటిన జీతాలకు యజమానే ఇవ్వాలి, నిజమే. ఆ భారం కూడా ఇలాగే చందాలోకి వస్తే ఈ వివక్ష సగం తగ్గుతుందని నా అభిప్రాయం. 50 మంది, అంతకు మించి ఉన్న చోట పిల్లల క్రెష్ ఉండాలన్న నిబంధన 2017 సవరణతో వచ్చింది. ఒక చోట క్రెష్ చూపించమంటే స్టోర్ రూమ్ తాళం తీశారు.

ఇక మిగిలినవి గబగబా. జీతం 21 వేలు దాటిన నెలలోనే ఈఎస్‌ఐ కార్డు రద్దవదు, ఆ ఆరు నెలల చందా కాలం ముగిసేదాకా నడుస్తుంది. పరిమితి పెంచారని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లను గెజిట్ చూసేదాకా నమ్మకండి. కాంట్రాక్టరు కింద చేసేవాళ్లకు ఈఎస్‌ఐ ఉండదన్నది పచ్చి అబద్ధం. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని కట్టాలి.

మళ్లీ డ్యూటీలో చేరే ముందు డిస్పెన్సరీలో చివరి సర్టిఫికెట్, అంటే ఫిట్‌నెస్, తీసుకోండి. అది లేకుండా నేరుగా షిఫ్ట్‌కు వెళ్లిపోతే ఆఖరి విడత డబ్బు బ్రాంచ్ ఆఫీసులో ఆగిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో నాకు ఫోన్ చేసి అడుగుతారు.