తడిగుడ్డ పరీక్ష

“నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ అవుతుంది. అరగంట నడిచాక జెర్కులు కొడుతుంది, టీకి ఆపితే ఇక కదలదు. గంట ఆగితే మామూలే. మెకానిక్ కార్బురేటర్ మార్చమంటున్నాడు” అని ఖమ్మం నుంచి ఒకాయన రాశారు.

అప్పుడే మార్చకండి. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచే బండిలో ఏదో ఒక భాగం వేడికి తట్టుకోలేకపోతోంది. అదేదో తేల్చడానికి తడిగుడ్డతో మొదలుపెడితే చాలు.

మొదటి అనుమానం పెట్రోల్ మీద. నీళ్లు మరిగినట్టు పెట్రోల్ ఒకే డిగ్రీ దగ్గర మరగదు. అది రకరకాల హైడ్రోకార్బన్ల కలగలుపు. తేలికైనవి 35 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడితే, బరువైనవి 200 దాకా ఆగుతాయి. పద్మినిలో ఫ్యూయల్ పంప్ ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, ట్యాంకేమో వెనక. పెట్రోల్‌ని అంతదూరం నుంచి పీల్చాలి. నాకు భలే ఇష్టమైన తిరకాసు ఇక్కడే ఉంది. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగి నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవని బడిలో చెబుతారు. ఒత్తిడి తగ్గితే ముందే మరుగుతాయన్న రెండో సగం దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టేస్తారు. పంప్ పీల్చే పైపు తలకిందులైన కుక్కర్. లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయట ఇంజిన్ సెగ, పెట్రోల్ దారిలోనే ఆవిరైపోతుంది. కుక్కర్‌కి విజిల్ ఉంది, ఈ ఆవిరికి బయటికి దారి లేదు. పంప్ లోపల పైకీ కిందికీ ఆడే పొర, అంటే డయాఫ్రం, ఎంత కొట్టుకున్నా ఆవిరి నొక్కుకుపోయి మళ్లీ సాగుతుందే తప్ప ముందుకు కదలదు. ఇదే వేపర్ లాక్. పైగా స్టవ్ ఆపితే కుక్కర్ చల్లారుతుంది కానీ, బండి ఆపితే బానెట్ కింద కాసేపు వేడి ఇంకా పెరుగుతుంది. ఫ్యాన్ ఆగింది, రేడియేటర్ నీళ్లు తిరగడం లేదు, ఇంజిన్ ఇనుములో సెగ ఎటూ పోలేదు. టీ తాగి వచ్చేసరికి మొరాయించేది అందుకే.

రెండో అనుమానం ఇగ్నిషన్ కాయిల్. స్పార్క్ కోసం బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్ని ఇరవై వేలకు పైగా పెంచేది అదే. లోపలి తీగకు ఎనామిల్ పూత ఉంటుంది. పాతబడిన పూత వేడికి తేలిపోతే చుట్లు షార్ట్ అవుతాయి. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి 30 నుంచి 100 డిగ్రీలకు చేరితే పావువంతుకు పైగా పెరిగినట్టే. మంచి కాయిల్ దాన్ని తట్టుకుంటుంది, ముసలిది నీరసంగా స్పార్క్ ఇస్తుంది.

దిష్టి తగిలిందని టైరు కింద నిమ్మకాయ తొక్కించాక స్టార్టయిన బండ్లున్నాయి. నిమ్మకాయ కోసం ఊళ్లోకి వెళ్లొచ్చేసరికి కాయిల్ చల్లారి ఉంటుంది!

బండి ఆగగానే ఎయిర్ ఫిల్టర్ విప్పి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్ లాగండి. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండాలి, బీడీ సిగరెట్లు దరిదాపుల్లో ఉండకూడదు. సన్నటి పెట్రోల్ ధార చిమ్మితే పెట్రోల్ అందుతున్నట్టే, కాయిల్‌ని అనుమానించండి. చిమ్మకపోతే పంప్ మీదా, పైపు మీదా తడిగుడ్డ చుట్టి పది నిమిషాలాగండి. స్టార్టయితే వేపర్ లాకే. అప్పుడు పంప్‌కీ ఇంజిన్‌కీ మధ్య సెగ ఆపే స్పేసర్ ఉందో లేదో చూపించండి, పాత రిపేర్లలో ఎవరో తీసేసి ఉండొచ్చు.

కాయిల్‌కి పరీక్ష తిరగేసి చేయాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, కాయిల్‌కి మాత్రం హెయిర్ డ్రయ్యర్ గాలి పట్టండి. పెట్రోల్ వాసన ఏమాత్రం వస్తున్నా వద్దు. ఇంజిన్ వేడెక్కకముందే మిస్ కొట్టిందంటే మార్చాల్సింది కాయిలే, కార్బురేటర్ కాదు.