అభివృద్ధి పాఠం ఎవరు రాశారు, ఎవరు దిద్దారు

ప్రపంచ అభివృద్ధి సిద్ధాంతాలు చదవడానికి యూనివర్సిటీలో చేరినవాళ్లకు మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఈ వారం కష్టపడి అర్థం చేసుకున్న సిద్ధాంతాన్ని వచ్చే వారం చదవాల్సిన వ్యాసం తప్పంటుంది. ఏది నమ్మాలో తెలియక టెన్షన్ పడతారు. అందులో విద్యార్థి లోపం ఏమీ లేదు. ఈ సబ్జెక్టు పుట్టి పెరిగిన తీరే అలాంటిది.

దీని వేళ్లు వలస పాలనలో ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలు వలస రాజ్యాలకు వెళ్లే అధికారులకు శిక్షణ ఇచ్చేవి. ఆ రాజ్యాలు స్వతంత్రమయ్యాక అలాంటి కోర్సులు కొన్ని పేరు మార్చుకుని కొత్త దేశాల అధికారులకు పాఠాలు చెప్పాయి. ఈలోగా 1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రమాణ స్వీకార ప్రసంగంలో నాలుగో అంశంగా 'వెనుకబడిన ప్రాంతాలకు' సాంకేతిక సాయం ప్రకటించారు. ఎవరి భాష, ఎవరి చరిత్ర వాళ్లకున్న కోట్లాది జనం ఒక్క మాట కిందికి వచ్చేశారు. ఆ మాట వాళ్లు పెట్టుకున్నది కాదు.

అయితే ఈ శాస్త్రానికి తొలి పునాది వేసినవాళ్లలో ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ ఉన్నారని మరచిపోకూడదు. కరీబియన్‌లోని సెయింట్ లూసియాలో 1915లో పుట్టారు. ఇంజనీర్ కావాలనుకున్నారు. కానీ నల్లజాతి ఇంజనీరుకు అక్కడి ప్రభుత్వమూ ఉద్యోగం ఇవ్వదు, తెల్లవాళ్ల కంపెనీలూ ఇవ్వవు. అందుకే లండన్ వెళ్లి కామర్స్ చదివారు. 1952 ఆగస్టులో బ్యాంకాక్‌లో రోడ్డు మీద నడుస్తుండగా, చాన్నాళ్లుగా వేధిస్తున్న రెండు ప్రశ్నలకు జవాబు ఒక్కటేనని తట్టిందట. ఆ జవాబు ఇది: సేద్యంలో అవసరానికి మించి ఉన్న జనం పరిశ్రమల్లోకి వస్తున్నంత కాలం కూలి పెద్దగా పెరగదు, లాభాలు మళ్లీ పెట్టుబడిగా మారతాయి. 1954లో అచ్చయిన ఆ వ్యాసాన్ని ఇప్పటికీ క్లాసులో చెబుతారు. 1979లో నోబెల్ వచ్చింది.

1960లో అమెరికా ఆర్థికవేత్త రోస్టో ప్రతి దేశమూ అభివృద్ధి వైపు ఐదు మెట్లు ఎక్కుతుందన్నారు. వినడానికి తేలికగా ఉంటుంది కాబట్టి పరీక్షల్లో అందరూ ఇదే రాస్తారు.

ఆ మెట్లు అందరికీ ఒకేలా ఉండవని లాటిన్ అమెరికా అప్పటికే చెప్పింది. ముడిసరుకు అమ్మి యంత్రాలు కొనుక్కునే దేశానికి కాలం గడిచేకొద్దీ బేరం గిట్టదని అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్ వాదించారు. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో పాఠాలు చెబుతున్న గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ 1972లో ఇంకా గట్టిగా అన్నారు: ఆఫ్రికా వెనుకబడి లేదు, యూరప్ దాన్ని వెనక్కి నెట్టింది. నా దృష్టిలో ఈ సబ్జెక్టుకు ప్రాణం పోసింది ఈ వాదనే.

తర్వాత కొలబద్ద మీద గొడవ వచ్చింది. 1966లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో పుట్టిన అభివృద్ధి అధ్యయన సంస్థకు మొదటి డైరెక్టర్ డడ్లీ సీర్స్. పేదరికం ఏమైంది, నిరుద్యోగం ఏమైంది, అసమానత ఏమైంది అని 1969లో ఆయన అడిగారు. ఈ మూడూ పెరిగితే తలసరి ఆదాయం రెట్టింపైనా దాన్ని అభివృద్ధి అనలేమన్నారు. 1970లో డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్తర్ బోసరప్ పొలం పనిలో ఆడవాళ్ల వాటా లెక్కల్లోకే రాలేదని చూపించారు.

చూసే కన్నునే బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ 1983లో తప్పుపట్టారు. పరిశోధకులు కారులో వస్తారు. తారు రోడ్డు ఉన్న ఊళ్లకే పోతారు. వానలు లేని కాలంలో వస్తారు, ఊరి పెద్దమనుషులతో మాట్లాడి చీకటి పడేలోగా వెళ్లిపోతారు. తిండి కరువై, జబ్బులు ముసిరి, అప్పులు చేసే వానాకాలపు పేదరికం వాళ్ల నోట్‌బుక్‌లోకి ఎక్కదు. ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లే ప్రతి విద్యార్థీ ఇది ముందే చదవాలి.

1982లో మెక్సికో అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. ఆ దశాబ్దమంతా అప్పుల్లో కూరుకున్న దేశాలు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి), ప్రపంచ బ్యాంకుల షరతుల ప్రకారం ఖర్చులు కోసుకున్నాయి. బడులకు, ఆస్పత్రులకు పడిన దెబ్బ చూశాకే కొత్త కొలమానం కోసం వెతుకులాట ఊపందుకుంది. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ చొరవతో, అమర్త్యసేన్ సాయంతో మానవాభివృద్ధి సూచిక వచ్చింది. ఆదాయంతో పాటు ఆయుర్దాయం, చదువు కూడా లెక్కలోకి చేరాయి.

2000లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న అభివృద్ధి లక్ష్యాలు ముఖ్యంగా పేద దేశాల కోసం. 2015 నాటి 17 లక్ష్యాలు మాత్రం ధనిక దేశాలకూ వర్తిస్తాయి. మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు తన గణాంకాల పట్టికల్లో 'అభివృద్ధి చెందుతున్న దేశాలు' అనే విభజనను తీసేసింది.