ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా పర్లేదు

కొత్తపట్నం ఒడ్డున ఏ బోటులోనైనా కూర్చుని వైర్‌లెస్ సెట్టు కాసేపు వినండి. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కారంటే గరగర తప్ప ఏమీ వినపడదు, "ఆగు మామా, ముందు నన్ను చెప్పనీ" అని ఎవరో ఒకరు తగ్గాల్సిందే. ఆ గరగర ఎందుకూ పనికిరాదనే నేనూ అనుకునేవాణ్ణి.

సముద్రంలో రెండు బోట్లు ఉన్నాయనుకోండి, ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అందదు, మధ్యలో ఒడ్డున ఒక టవర్ ఉంది. దీన్నే రిలే అంటారు. మామూలుగా అయితే మొదటి బోటు టవర్‌కి, టవర్ రెండోదానికి, మళ్లీ అటునుంచి ఇటు, మొత్తం నాలుగు వంతులు. ఇప్పుడు ఒకరు పంపాల్సిన అంకె 7, ఇంకొకరిది 8. టవర్ రెండూ ఒకదాని తర్వాత ఒకటి విని, కూడి, 15లో చివరి 5 మాత్రం ఇద్దరికీ ఒకేసారి పంపుతుంది. 7 పంపినవాడికి తన 7 తెలుసు కదా, దానికి ఎంత కలిపితే చివర 5 వస్తుంది? 8. అవతలివాడికి అలాగే 7 దొరుకుతుంది. మూడు వంతుల్లో అయిపోయింది! ఇలా కలిపి పంపడమే నెట్‌వర్క్ కోడింగ్, 2000లో రుడాల్ఫ్ అల్స్‌వేడే, మరో ముగ్గురు రాసిన పేపర్‌తో దీనికి ఊపొచ్చింది.

2006లో హాంకాంగ్ పరిశోధకులు అడిగింది ఇంకా బాగుంటుంది: ఆ కూడిక టవర్ ఎందుకు చేయాలి? రెండు తరంగాలు ఒకేసారి వస్తే గాలిలోనే కూడుకుంటాయి కదా. అంటే ఇద్దరూ కలిసి మాట్లాడాలి, టవర్ ఆ మొత్తాన్ని పట్టుకోవాలి. రెండే వంతులు. టవర్‌కి 7, 8 విడివిడిగా తెలియాల్సిన పనే లేదు.

చెప్పినంత తేలిక మాత్రం కాదు. రెండు సిగ్నళ్లూ టైమింగ్ తప్పకుండా రావాలి, పైగా నాయిస్, అంటే సిగ్నల్‌లో కలిసిపోయే అనవసరపు చప్పుడు, ఉంటుంది. అందుకే ఏ రెండు సందేశాలు కూడినా వచ్చేది మళ్లీ ముందే అనుకున్న సందేశాల జాబితాలోదే అయ్యేలా కోడ్ కడతారు, అప్పుడు టవర్ ఆ మొత్తానికి అంటిన నాయిస్‌ని నేరుగా తుడిచేయగలదు. లాటిస్ కోడ్‌లు అనేవి ఇవే. గొంతును ఉన్నదున్నట్టు పంపే మామూలు సెట్లతో ఇది కుదరదు, మాట అంకెలుగా మారాలి.

మూడు బోట్లుంటే? అంకెలు 7, 8, 4. మొదటి రెండూ కలిసి పంపుతాయి, చివర 5. తర్వాత రెండోది, మూడోది కలిసి పంపుతాయి, చివర 2. టవర్ ఆ 5, 2 అందరికీ వినిపిస్తుంది, ఆరు వంతుల పని నాలుగింట్లో తేలిపోతుంది. మూడో బోటువాడు తన 4 తీసేసి 2లోంచి 8 పట్టుకుంటాడు, ఆ 8తో 5లోంచి 7.